మస్తాన్ గారి రెండు పోస్టర్లు

ఈ పొద్దున మా వీధి ప్రహరీగోడకి ఎవరో పోస్టర్లు అంటించారు. అప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. మనుషుల్ని చూడకముందే వాసన వచ్చింది. ఉడికించిన మైదా జిగురు, అందులో పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం, తడిసిన కాగితం. ఈ మూడూ కలిస్తే పుల్లగా, నాలుక మీద రాగి పెట్టుకున్నట్టుగా ఒక వాసన వస్తుంది. కొందరికి అది ఎన్నికల వాసన, కొందరికి కొత్త సినిమా వాసన. నాకు మాత్రం చేస్తున్న పని ఆగిపోతుంది. స్టవ్వు ఆపేసి కాసేపు గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆ వాసనకి నేను ఇలా అయిపోతానని మా ఇంట్లో వాళ్లకి తెలుసు, కారణం తెలియదు. కారణం చెప్పాలంటే మస్తాన్ గారి గురించి చెప్పాలి. ఆయన్ని చూసినవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు.

అరవైల మొదట్లో నెల్లూరులో ఒక రాతి అచ్చు ప్రెస్సు ఉండేది. నున్నటి రాతి పలక మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీసి, దాని నుంచి కాగితాల మీదికి అచ్చులు తీసే పద్ధతి అది. పొగాకు కట్టల మీది చీటీలు, అగరొత్తుల పెట్టెలు, సర్కసు కంపెనీల వాల్‌పోస్టర్లు అక్కడ తయారయ్యేవి. వాటన్నిటి బొమ్మలూ మస్తాన్ గారివే. సన్నగా, పొడుగ్గా, మెడ కొంచెం ముందుకు వంచి నడిచేవారు. గీస్తున్నంతసేపూ పెదవులు కదిలేవి, ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతున్నట్టు. వాళ్ల నాన్న కావలిలో ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. కొడుకు మనుషుల బొమ్మలు గీయడం ఆయనకి ఇష్టం ఉండేది కాదట. "ప్రాణం పొయ్యలేనోడివి, మొఖాలు ఎందుకు గీస్తావురా అని తిట్టేవాడు మా అబ్బ" అని మస్తాన్ గారు నవ్వుతూ చెప్పేవారు.

మాది కావలికి పడమర వ్యవసాయం చేసుకునే కుటుంబం. నేను మద్రాసు వెళ్లి డ్రాయింగు పరీక్షలు పాసై వచ్చాను. మా అన్న ఆ ప్రెస్సులోనే అక్షరాలు కూర్చే పని చేసేవాడు. వాడే నన్ను ఓనరు గారి దగ్గరికి తీసుకుపోయాడు. ఆడపిల్ల ప్రెస్సులో ఏం చేస్తుందని ఓనరు గారు అడిగితే, గదిలో ఒక మూల తలొంచుకుని గీస్తున్న మస్తాన్ గారు తలెత్తకుండానే, "నేను పోలేని ఇండ్లలోకి పోతుంది" అన్నారు. ఆ మాటకి అర్థం నాకు వెంటనే తెలియలేదు. ఉద్యోగం మాత్రం దొరికింది.

అర్థం తెలిసింది నీలిమందు పొట్లం దగ్గర. బట్టలకి పెట్టే నీలిమందుకి కొత్త చీటీ కావాలని ఒక వ్యాపారి వచ్చాడు. మస్తాన్ గారు విచ్చీ విచ్చని నీలి తామర మొగ్గ గీశారు. అంత చక్కటి మొగ్గని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. రాతి మీదికి ఎక్కించే ముందు ఆ కాగితాన్ని నా చేతికిచ్చి, పెన్న ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్లకి చూపించి రమ్మన్నారు. "బాగుందా అని అడగబాకమ్మా. బాగుందనే అంటారు, నిన్ను నొప్పించడం ఎందుకని. ఇదేంది అని అడుగు. వాళ్లేం చెప్తే అదే పట్టుకోని రా." రేవులో ఒకామె చేతులు చీర కొంగుకి తుడుచుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "వంకాయ. నీలిమందు మీద వంకాయెందుకమ్మా?" అంది. పక్కావిడ కూడా వంకాయే అంది. ఈ మాట ఆయనకి ఎలా చెప్పాలా అని దారంతా మథనపడ్డాను. చెప్పాక దగ్గు వచ్చేదాకా నవ్వారు. తర్వాత మొగ్గని పక్కన పెట్టి, దండెం మీద ఆరేసిన తెల్ల పంచె గీశారు. ఆ పొట్లాలు చాలా ఏళ్లు అమ్ముడయ్యాయి.

ఆయన దగ్గర నేర్చుకున్నదంతా ఇలాంటిదే. రంగులు కలపడం, గీత నిలపడం నాకు మద్రాసులోనే నేర్పారు. చూసేవాళ్లని చూడటం ఆయన నేర్పారు. "వాళ్ల చేతిలో ఏముంటదో కనుక్కో. బిందె ఉంటదా, బిడ్డ ఉంటదా, ఏమీ ఉండదా. నీ బొమ్మ ముందర ఎంతసేపు నిలబడగలరో ఆ చెయ్యి చెప్తది" అనేవారు. తన పోస్టరు ఊళ్లో అంటించారని తెలిస్తే చూడ్డానికి వెళ్లేవారు. గోడకి ఎదురుగా, దూరంగా నిలబడి, పోస్టరు వైపు చూడకుండా దాని ముందు నుంచి పోయే మనుషుల్ని చూసేవారు. ఎవరైనా ఆగితే ఎక్కడ ఆగారో, ఏం చూసి వెళ్లిపోయారో కనిపెట్టేవారు. ఆయనకి తన పని మీద గర్వం లేదని చెప్పను. ఉండేది. మంచి గీత పడినప్పుడు కుర్చీ వెనక్కి జరిపి తల పక్కకి వంచి చూసుకునేవారు. ఆ చూపు నాకు ఇష్టంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆరోగ్యశాఖ డాక్టరు గారు ప్రెస్సుకి వచ్చారు. చాలా రోజులుగా నిద్ర లేని మనిషని చూడగానే తెలిసిపోయింది. అల్లూరు అవతల సముద్రం ఒడ్డు జాలర్ల పాలేలలో మశూచి లేచింది, టీకాలు వేయడానికి మనుషులున్నారు, వేయించుకునే వాళ్లే లేరు. తెల్లారేసరికి జీపు బయలుదేరుతుంది, దాంతోపాటు పోస్టర్లు వెళ్లాలి అన్నారు. మస్తాన్ గారు ఎప్పటిలాగే గడువు అడిగారు. "ఒక్క రోజు ఇప్పించండి సార్. ఆ పక్క మనుషులకి ఒకసారి చూపించి ఎక్కిస్తా." డాక్టరు గారు కోప్పడలేదు. "ఆ ఒక్క రోజులో ఎంతమంది పోతారో నాకు తెలియదు మస్తాన్ గారూ. మీకు తెలుసా?" అన్నారు. మస్తాన్ గారు రాయి ముందు కూర్చున్నారు.

చిత్తు కాగితం మీద కూడా గీయకుండా నేరుగా రాతి మీదే గీశారు. పెదవులు కదల్లేదు ఆ రోజు. సాయంత్రానికి ఒక చిన్న పిల్ల ముఖం పైకి వచ్చింది. ముఖమంతా పొక్కులు, అంటుకుపోయిన రెప్పలు, ఊపిరి కోసం కొంచెం తెరుచుకున్న నోరు. రంగు లేదు, నలుపు ఒక్కటే. అయినా ఆ నలుపులో జ్వరం వేడి తగులుతున్నట్టే ఉండేది. కింద పెద్ద అక్షరాలతో టీకా వేయించుకోండని రాశారు. మొదటి అచ్చు తీసినప్పుడు మా అన్న ఒక్కసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. ఎవరి ముఖమని నేను అడిగాను. "మా చెల్లెలు" అన్నారు మస్తాన్ గారు. "నాకు టీకా వేసిన రోజు అది మా అమ్మమ్మ ఊళ్లో ఉన్నింది. అంతే తేడా." ఆ తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, తల పక్కకి వంచి, ఆ అచ్చుని చాలాసేపు చూసుకున్నారు. "చూడలేకపోతుండారు గదా మీరంతా. చూడలేకపోతేనే పరిగెత్తుతారు టీకాకి" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. నా జీవితంలో అంతకంటే గొప్ప బొమ్మ నేను చూడలేదని ఈ రోజుకీ చెప్పగలను.

కొన్నాళ్లకి డాక్టరు గారు మళ్లీ వచ్చారు. తక్కిన ఊళ్లలో ఎంతో కొంత పని జరుగుతోందనీ, ఒక పాలెంలో మాత్రం టీకాల వాళ్లని చూస్తే జనం పారిపోతున్నారనీ చెప్పారు. "పోస్టరు అందరికీ బాగా కనపడేట్టు అంటించింది అక్కడే. ఎందుకిలా అవుతుందో నాకు అర్థం కావడం లేదు" అన్నారు. మస్తాన్ గారు పెన్సిలు కింద పెట్టారు. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని అల్లూరు బస్సెక్కారు. అక్కడి నుంచి వరిచేల గట్ల మీద, తర్వాత సరుగుడు తోపుల్లోంచి, ఆ తర్వాత కాళ్లు కూరుకుపోయే ఇసుకలో నడిచాం.

పాలెం మొదట్లో వలలు దాచుకునే కొట్టు ఒకటుంది. ఆ పాలెంలో సున్నం కొట్టిన గోడ అదొక్కటే. పోస్టరు దాని మీద ఉంది. పిల్ల నుదుటి నిండా పసుపు, మధ్యలో కుంకుమ. పైన వేపమండలు గుచ్చారు. గోడ కింద ముంతలో అంబలి పోసి పెట్టారు. ఇసుక నీళ్లు చల్లి శుభ్రంగా ఉంది. మస్తాన్ గారు దూరంగా నిలబడే అలవాటు మరిచిపోయి గోడ దగ్గరికంటా వెళ్లారు. అక్కడ ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె పక్కన చంకలో బిడ్డతో నాగూరమ్మ అనే ఆమె నిలబడి ఉంది. ఆమె పేరు మాకు ఆ తర్వాత తెలిసింది.

"ఇదేందమ్మా?" అని అడిగారు మస్తాన్ గారు. ఎన్నోసార్లు విన్న ప్రశ్నే. ఆ రోజు ఆయన గొంతు వేరుగా ఉంది.

"కనపడలా? అమ్మ. పోలేరమ్మ తల్లి. కాయితం మీద వచ్చి కూసునింది మా పాలెంలో" అంది ముసలామె.

"ఎవురు తెచ్చినారు?"

"జీపులో వచ్చినోళ్లు తెచ్చినారు. వాళ్లే పిలుచుకోని వచ్చినారు, వాళ్లే మళ్లా సూదులు పట్టుకోని వచ్చినారు. అమ్మ వచ్చినాక ఒంట్లో సూది గుచ్చితే ఊరుకుంటదా ఆమె?"

నాగూరమ్మ బిడ్డని ఇంకో చంకలోకి మార్చుకుంది. "నేను దీన్ని ఎత్తుకోని సరుగుడు తోపులోకి పోయి కూసున్నా. జీపు పొయ్యేదాకా రాలా" అంది, ఒక మంచి పని చేసి వచ్చిన మనిషి చెప్పినట్టు. బిడ్డ తేగ ముక్క చీకుతూ మా వైపు చూస్తోంది. పేరేమిటని మస్తాన్ గారు అడిగితే చిట్టి అని చెప్పింది. ఆరోగ్యంగా, కొంచెం బద్ధకంగా కనిపించే పిల్ల.

మస్తాన్ గారి చెయ్యి పోస్టరు అంచు మీదికి పోయింది. ముసలామె లేచి ఆయన మణికట్టు పట్టుకుంది. "తియ్యబాకయ్యా. ఇంటికొచ్చిన తల్లిని ఎల్లగొడతావా? ఆ కోపం ఎవురి మీద పడతది?" ఆమె చేతిలో బలమేమీ లేదు. అయినా ఆయన చెయ్యి దించేశారు. టీకా గురించి నేను చెప్పబోయాను. నాగూరమ్మ మర్యాదగానే విని, బిడ్డ తలకి కొంగు కప్పి ఇంట్లోకి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు చేల గట్టు మీద ఆయన ఒకే ఒక్క మాట అన్నారు. "వాళ్లు తప్పు చదవలేదమ్మా. నేను గీసిందే చదివినారు."

మర్నాడు ప్రెస్సులో ఆ రాయిని తనే దించుకున్నారు. వాడేసిన బొమ్మని పోగొట్టాలంటే ఇసుక చల్లి, నీళ్లు పోస్తూ, ఇంకో రాతితో అరగదీయాలి. అది మామూలుగా పనివాళ్లు చేసే పని. ఇంకా అచ్చులు తీయాల్సి వస్తుందేమో, రాయి అట్టిపెట్టమని ఓనరు గారు అన్నా వినలేదు. నేను చెయ్యి వేస్తానంటే వద్దన్నారు. ఆ పిల్ల రెప్పలు, నోరు కొంచెం కొంచెంగా బూడిదరంగు నీళ్లయి నేల మీదికి కారిపోయాయి. అరిచేతులు చీరుకుపోయినా ఆగలేదు. డాక్టరు గారు విషయం తెలిసి వచ్చి, తనే తొందరపెట్టాననీ తప్పు తనదేననీ అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. మస్తాన్ గారు రాయి మీంచి తల ఎత్తారు. "మీరు మనుషులు చచ్చిపోతారని తొందరపడినారు సార్. నేను బొమ్మ బాగా వచ్చిందని మురిసిపోయినా. రెండూ ఒకటి కాదు."

ఆ తర్వాత మేం పాలెం చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. మా మేనత్త అల్లూరులో ఉండేది. నేను ఆమె ఇంట్లో ఉండి పొద్దున్నే వెళ్లేదాన్ని. మస్తాన్ గారు వలల కొట్టు నీడలో కూర్చుని, కనిపించిన పిల్లల్ని, పడుకున్న కుక్కల్ని, తెప్పల మీద ఆరబెట్టిన వలల్ని గీస్తూ ఉండేవారు. జనం మెల్లగా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నేను ఆడవాళ్లతో కూర్చుని, చేపలు ఆరబెడుతూ, వాళ్ల భయాలు వినేదాన్ని. సూది కంటే వాళ్లకి భయం టీకాలు వేసే మగవాళ్ల చేతులంటేనని అక్కడ తెలిసింది. తెలియని మనిషి వచ్చి బిడ్డ రెక్క పట్టుకుని లాగడం వాళ్లు తట్టుకోలేకపోయారు. ఆ మాట చెబితే మస్తాన్ గారు కొత్త బొమ్మ మొదలుపెట్టారు. తల్లి ఒళ్లో బిడ్డ, బిడ్డ చేతిని పట్టుకున్నది తల్లే. టీకా వేసే మనిషి వేళ్లు మాత్రం ఒక పక్క కనిపిస్తాయి. ముఖాలు ఇంకా పూర్తి కాలేదు. ఆ చిత్తుబొమ్మని నేను ఇంటింటికీ తీసుకుపోయాను. ఒక పడుచామె చూసి వెనక్కి జరిగింది. "మొగుడు చచ్చిపోయినోళ్లని ఎందుకు గీసినారక్కా? సూది వేసుకుంటే ఇట్టా అవుతారనా?" అంది. గీత తేలిగ్గా కనిపించాలని ఆయన తల్లి చేతులకి గాజులు వేయలేదు. మాకెవరికీ తట్టలేదు. నేను వచ్చి చెప్పగానే ఆయన రెండు చేతులకీ గాజులు వేశారు, మెడలో పసుపు తాడు కూడా.

ఆ గాజులు వేసిన రోజుల్లోనే నాగూరమ్మ గుడిసె వాకిట్లో వేపమండలు కట్టి కనిపించాయి. అమ్మవారు వచ్చిన ఇంట్లోకి పైవాళ్లు పోకూడదు. మస్తాన్ గారు తాటాకు దడి ఇవతలే నిలబడ్డారు. లోపల్నుంచి పిల్ల మూలుగు వినిపించేది, మధ్యమధ్య నాగూరమ్మ పాడే పాట కూడా. నేను అల్లూరు పరిగెత్తి డాక్టరు గారికి కబురు పెట్టించాను. ఆయన వచ్చారు, బతిమాలితే లోపలికి రానిచ్చారు. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ, ఇది వచ్చాక చేయగలిగిందేమీ లేదని, రాకముందే చేయాలని మెల్లగా చెప్పారు. మస్తాన్ గారు దడి దగ్గర్నుంచి కదల్లేదు. తన చెల్లెలి ముఖం ఎలా మారుతూ వచ్చిందో ఆయనకి తెలుసు. లోపల ఆ సమయానికి ఏం జరుగుతుంటుందో చూడకుండానే ఆయనకి తెలుసునని నాకు అనిపించింది. వాన పడుతున్న ఒక ఉదయం చిట్టి పోయింది. సముద్రానికి దూరంగా, సరుగుడు చెట్ల మధ్య ఇసుకలో పూడ్చిపెట్టారు. అప్పటికి ఆ పాలెంలో ఇంకొందరు పిల్లలు కూడా పోయారు.

కొన్నాళ్లు మేం అటు వెళ్లలేదు. వెళ్లిన రోజున నాగూరమ్మే వలల కొట్టు దగ్గరికి వచ్చింది. మనిషి సగమైపోయింది. "నువ్వు మొఖాలు గీస్తావంట గదా. నా బిడ్డది గీసిస్తావా? రోజూ కొంచెం కొంచెం మరిచిపోతుండా" అంది. ఆ పాలెంలో ఫోటో అన్నది ఎవరింట్లోనూ లేదు. మస్తాన్ గారు కాగితం తీశారు. ఆమె చెబుతుంటే గీశారు, చెరిపారు, మళ్లీ గీశారు. "ముక్కు అంత చక్కగా ఉండదు, కొంచెం చప్పిడి." "కండ్లు అట్టా కాదు, నిద్ర లేచినట్టు ఉంటాయి." ఎంతోసేపటికి ఆమె చెప్పడం ఆపేసింది. కాగితం అందుకుని చూసుకుంది. "ఇదే" అంది. ఏడవలేదు. "దీన్ని గోడలకి అంటించబాకండి" అంది. "లేదు తల్లీ, ఇది నీది" అన్నారాయన.

ఆమె కాగితాన్ని చుట్టి కొంగులో పెట్టుకుంది కానీ లేవలేదు. పక్కనే ఉన్న పోస్టరు చిత్తుబొమ్మ వైపు చూసింది. "దీంట్లో తల్లికి మొఖం పెట్టలేదే. ఎవురిది పెడతావు?"

"ఎవురిదో ఒకరిది పెట్టాల."

"నాది పెట్టు."

మస్తాన్ గారు చేతిలోని పెన్సిలు కింద పెట్టారు. "ముందు ఆ గోడ మీద వేసింది కూడా నేనే తల్లీ."

"తెలుసు. డాక్టరయ్య చెప్పినాడు."

"మరి..."

"మరేముంది. నేను తోపులోకి ఎత్తుకోని పోయినా. ఇంకోళ్లు పోకుండా ఉంటే చాలు." ఆమె లేచి, దగ్గర్లో ఆడుకుంటున్న పొరుగింటి బిడ్డని ఎత్తుకొచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. బిడ్డ రెక్క బయటికి తీసి, తన రెండు చేతులతో పట్టుకుంది. "ఇట్టానే గదా పట్టుకోవాల. గీ" అంది.

ఆయన గీశారు. గీతలు సన్నగా, అక్కడక్కడ తెగిపోతూ పడ్డాయి. ఆమె ముఖంలో ఏడుపు లేదు, నవ్వు లేదు. కదిలే బిడ్డని కదలకుండా పట్టుకోవడం మీదే ఉంది ఆమె ధ్యాసంతా. అయిపోయాక ఆయన కుర్చీలో ఉన్నప్పటిలాగా వెనక్కి జరిగి చూసుకోలేదు. కాగితాన్ని నాకిచ్చి, సముద్రం వైపు నడుచుకుంటూ పోయారు. నేను దాన్ని ఇంటింటికీ తీసుకుపోయాను. ఇదేమిటని అడగాల్సిన అవసరం రాలేదు. ఆడవాళ్లు చూసి, "నాగూరమ్మ" అన్నారు. వల అల్లుతున్న ఒకామె పని ఆపి, తన బిడ్డని దగ్గరికి తీసుకుంది.

ఆ పోస్టరు పాలేలన్నిటికీ వెళ్లింది. టీకాల వాళ్లకి డాక్టరు గారు కొత్త నియమం పెట్టారు, బిడ్డని తల్లే పట్టుకోవాలి, వాళ్లు తాకకూడదని. నాగూరమ్మ ఉన్న పాలెంలో జీపు ఆగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ముందు ఎవరూ బయటికి రాలేదు. నాగూరమ్మ వచ్చి తన చెయ్యి చాపి టీకా వేయించుకుంది. తర్వాత ఒక్కొక్కరుగా వచ్చారు. అందరూ రాలేదు. ముసలామె తలుపు వేసుకుని లోపలే ఉండిపోయింది. డాక్టరు గారు ప్రెస్సుకి వచ్చి కృతజ్ఞత చెబితే మస్తాన్ గారు తల అడ్డంగా ఊపారు. "నా బొమ్మ చేసింది కాదు సార్ అది. ఆమె చేసింది. నేను అడ్డం రాకుండా ఉన్నా, అంతే." వలల కొట్టు గోడ మీది మొదటి పోస్టరుని ఎవరూ తీయలేదు. ఎండకి వెలిసి, వానకి జారిపోయింది. ఆ చోట గోడకి పసుపు పూయడం మాత్రం ఆ పాలెం వాళ్లు మానలేదు.

తర్వాత మస్తాన్ గారి దగ్గర ఇంకా కొన్నేళ్లు పని చేశాను. ఆయన మారలేదని అందరూ అనుకున్నారు. నవ్వేవారు, వంకాయ కథ కొత్తవాళ్లకి చెప్పేవారు. నాకు తెలిసిన మార్పు ఒకటుంది. మంచి గీత పడితే ఆయన ముఖం చిన్నబోయేది. "బాగా వచ్చింది. ఇంకోసారి చూడాల దీన్ని" అని అనుమానంగా పక్కన పెట్టేవారు. అరవైల చివరికి దగ్గు ఆయన్ని పూర్తిగా మంచానికి అప్పజెప్పింది. ఒకరోజు చూడ్డానికి వెళ్తే వాళ్లావిడ తలగడలు ఎత్తు పెట్టి కూర్చోబెట్టింది. ఆ పాలెం మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తేవాళ్లం కాదు. ఆ రోజు ఆయనే ఎత్తారు. "మా చెల్లెల్ని అట్టా చూసి భయపడింది నేనమ్మా. ఆ భయాన్నే గీసినా. అది నాది. వాళ్లకి ఏం భయమో కనుక్కోలేదు. బాధ ఉన్నోడికి తన బాధే అందరికీ కనపడతదని అనిపిస్తది." ఊపిరి అందక ఆగి, "గట్టిగా గీస్తే సరిపోతదనుకున్నా" అన్నారు. కొన్ని వారాలకే పోయారు.

ఆ కబురు చెప్పడానికి నేను పాలెం వెళ్లాను. నాగూరమ్మ వాకిట్లో కూర్చుని చేపలు ఎండేస్తోంది. విన్నాక కూడా ఆమె చేతులు పని చేస్తూనే ఉన్నాయి. చివరికి అంది: "ఎన్నిసార్లు వచ్చినాడో ఇక్కడికి. తప్పయింది తల్లీ అని ఒక్కసారి కూడా అనలా. అనుంటే నేనేం చెప్పుండేదాన్నో, ఇప్పటికీ నాకు తెలీదు." చేతిలోని చేపని తిరగేసి పరిచి, "అనకపోవడమే మంచిదయింది" అంది. నాకు మజ్జిగ ఇచ్చి, చీకటి పడకముందే బస్సు అందుకోమని పంపించింది.

ఆ తర్వాత నా జీవితమంతా పోస్టర్లు గీస్తూనే గడిచింది. కలరాకి, చంటిపిల్లల పాలకి, చదువుకి, ఓట్లకి. కొన్ని పనికొచ్చాయి, కొన్ని ఎందుకూ కొరగాలేదు. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు నన్ను ఆయన గురించి అడిగినప్పుడు, మనుషుల్ని ఎలా కనిపెట్టాలో, ఏం అడగాలో చెబుతాను. అవి చెప్పడానికి వీలైన సంగతులు. చెప్పడానికి వీలు కానిది ఒకటుంది. మన గీత మన చేతి నుంచి బయలుదేరి, మనం ఎన్నడూ చూడని ఇంట్లోకి పోయి, మనం లేనప్పుడు అక్కడ ఏదో ఒక పని చేస్తుంది. ఏం చేస్తుందో మనకి తెలియదు. కొన్నిసార్లు ఎప్పటికీ తెలియదు. మస్తాన్ గారికి తెలిసింది, తెలిసి ఇంకా కొన్నేళ్లు బతికారు. ఆయన నాకు అసలు ఇచ్చింది ఆ భయం. ఏ బొమ్మనైనా అచ్చుకి పంపే ముందు నా వేళ్లు చల్లబడతాయి. కాగితాన్ని ఇంకాసేపు పట్టుకుని ఉంటాను. ఇన్నేళ్లలో చెయ్యి బాగా తిరిగింది, పేరు కూడా వచ్చింది, ఆ చల్లదనం తగ్గలేదు. తగ్గాలని నేను ఎప్పుడూ కోరుకోలేదు.